అమ్మ మందుల డబ్బా మీద కుందేలు

పోయిన నెల అమ్మ సంవత్సరీకానికి అన్నయ్య అమెరికా నుంచి వచ్చాడు. కార్యక్రమాలన్నీ అయ్యి, చుట్టాలు సర్దుకుని వెళ్ళిపోయాక మంచినీళ్ళకని వంటింట్లోకి వచ్చాడు. ఫ్రిజ్ మీద ఉన్న అమ్మ మందుల డబ్బా కంటపడింది. నీళ్ళ సంగతి మరిచిపోయి, దాన్ని చేతిలోకి తీసుకుని అలా నిలబడిపోయాడు.

అదొక పల్చటి రేకు డబ్బా. మూత మీద నల్ల కుందేలు బొమ్మ. అంచుల దగ్గర రంగు లేచిపోయింది, ఒక మూల సొట్ట పడింది. తెరిస్తే ఇప్పటికీ అమృతాంజనం వాసన వస్తుంది. లోపల సగం వాడిన బీపీ బిళ్ళల అట్ట ఒకటి, డాక్టరు చీటీ ఒకటి మిగిలాయి. తీసి పారేయడానికి నాకు చేతులు రాలేదు.

"ఇది ఇలా చేశారా?" అన్నాడు అన్నయ్య. గొంతులో కోపం లేదు గానీ ఏదో ఉంది.

ఆ ఏదో మీకు అర్థం కావాలంటే ఆ డబ్బా కథ చెప్పాలి. అది మా ఇంటి కథ ఒక్కటే కాదు, దాని వెనక పెద్ద చరిత్రే ఉంది. అన్నయ్య వెళ్ళాక నాలుగు రోజులు కూర్చుని అతను చెప్పినవీ, నేను చదివినవీ కలిపి రాస్తున్నాను.

మా అన్నయ్యకి చిన్నప్పటి నుంచీ పోగేసే అలవాటు. అగ్గిపెట్టె బొమ్మలు, సినిమా పాటల పుస్తకాలు, అన్నిటికన్నా ముఖ్యంగా చందమామలు. తెనాలిలో మా మేనమామ ఇంటి నుంచి తెచ్చుకున్న పాతవీ, నెలనెలా కొన్నవీ కలిపి ఒక ట్రంకుపెట్టె నిండా ఉండేవి. అతను ఇంటర్‌కి హాస్టల్‌కి వెళ్ళిన ఏడాది, ఇల్లు మారేటప్పుడు అమ్మ వాటిని పాత పేపర్లవాడికి తూకానికి వేసేసింది. సెలవులకి వచ్చి ఖాళీ పెట్టె చూశాడు. ఒక్క మాట అనలేదు. అన్నం తిని పడుకున్నాడు. అప్పుడు నాకూ అదేం పెద్ద విషయంగా అనిపించలేదు.

2000లో ఎమ్మెస్ చదవడానికి అమెరికా వెళ్ళాడు. మరుసటి ఏడాది డిసెంబరులో ఫోన్ చేసి, "చిన్నీ, మనం ఆదివారం పూట దూరదర్శన్‌లో డక్ టేల్స్ చూసేవాళ్ళం గుర్తుందా? ఆ బాతు తాతల కాలం నాటి బొమ్మలు కొన్నాను, రేకు డబ్బాలో వచ్చాయి" అన్నాడు. పార్ట్‌టైమ్ పని చేసుకుంటూ చదువుకునే పిల్లాడికి ఈ ఖర్చేమిటని అమ్మ గోల పెట్టింది. తర్వాత ఏటా అదే వరస.

అతను కొన్నవి వాల్ట్ డిస్నీ ట్రెజర్స్ అనే వరసలోవి. 2001 డిసెంబరులో మొదటి విడతగా నాలుగు వచ్చాయి. ఒక్కోదాంట్లో రెండు డీవీడీలు, బయట రేకు డబ్బా, లోపల ఒక చిన్న ముద్రిత చిత్రం, ఇది ఇన్నో ప్రతి అని చెప్పే ధ్రువపత్రం. మొదటి విడతలో ఒక్కోటి 1,50,000 మాత్రమే చేశారు. అయిపోతే మళ్ళీ వేయరు. 2009 నవంబరు దాకా తొమ్మిది విడతల్లో మొత్తం 30 వచ్చాయి. మిక్కీ, డోనాల్డ్, గూఫీ, ప్లూటోల పొట్టి చిత్రాలు ఒక పక్క, డేవీ క్రాకెట్, మిక్కీ మౌస్ క్లబ్, జోరో లాంటి 1950ల నాటి టీవీ కార్యక్రమాలు ఇంకో పక్క. ప్రతి దాంట్లోనూ లెనార్డ్ మాల్టిన్ అనే సినిమా చరిత్రకారుడు కనబడి, ఈ బొమ్మ ఎప్పుడు తీశారు, ఎందుకు తీశారు అని ముందుమాట చెబుతాడు. మన పాత కావ్యాలకి పీఠిక రాసినట్టన్నమాట.

'ఎవరు కావాలంటే వాళ్ళకి అమ్ముకోవచ్చు కదా, ఈ లెక్కపెట్టి అమ్మడం ఏమిటి?' అని నాకు అనుమానం వచ్చింది. దానికి జవాబు వెనక్కి వెళ్తే దొరుకుతుంది.

టీవీలు రాకముందు డిస్నీ వాళ్ళు ఒక కిటుకు కనిపెట్టారు. స్నో వైట్ లాంటి చిత్రాన్ని కొన్నేళ్ళు ఎవరికీ చూపించకుండా దాచి, మళ్ళీ హాళ్ళలో విడుదల చేసేవారు. ఈలోగా కొత్త పిల్లలు పుట్టి పెరిగి ఉంటారు, వాళ్ళకది కొత్త సినిమాయే. 1944లో స్నో వైట్‌ని అలా మళ్ళీ విడుదల చేశాక, ఇంచుమించు ఏడేళ్ళకోసారి తిప్పడం వాళ్ళకి అలవాటైంది. మన దగ్గర మాయాబజార్ మళ్ళీ మళ్ళీ ఆడలేదూ, అలాగే. కాకపోతే వీళ్ళు లెక్క వేసుకుని మరీ ఆడించారు.

అలాంటి వాళ్ళకి ఇంట్లో టేపు మీద రికార్డు చేసుకునే యంత్రం వచ్చిందంటే గుండెల్లో రాయి పడదూ? 1976లో డిస్నీ, యూనివర్సల్ కంపెనీలు కలిసి బీటామాక్స్ తయారుచేసిన సోనీ మీద కోర్టుకెక్కాయి. ఎనిమిదేళ్ళు నడిచింది ఆ వ్యాజ్యం. 1984 జనవరిలో అమెరికా సుప్రీంకోర్టు 5–4తో తీర్పు చెప్పింది. తీరికున్నప్పుడు చూసుకోవడానికి ఇంట్లో రికార్డు చేసుకుంటే తప్పులేదని ఆ తీర్పు సారాంశం. ఒక్క జడ్జి అటు తిరిగి ఉంటే మనందరి ఇళ్ళలోనూ వీసీఆర్ ఉండేదో లేదో!

విచిత్రమేమిటంటే, ఏ యంత్రాన్ని ఆపాలని చూశారో ఆ యంత్రమే వాళ్ళ ఇంట కనకవర్షం కురిపించింది. పాత చిత్రాలని క్యాసెట్లుగా అమ్మితే జనం ఎగబడ్డారు. అప్పుడు కూడా పాత కిటుకు వదల్లేదు. కొన్నాళ్ళు అమ్మి, అమ్మకం ఆపేసి, ఖజానాలో పెట్టేశామని చెప్పి, కొన్నేళ్ళకి మళ్ళీ తీసేవారు. 1997లో అమెరికాలో డీవీడీలు వచ్చాయి. మరో నాలుగేళ్ళకి ఈ రేకు డబ్బాలు వచ్చాయి. లెక్కపెట్టి అమ్మే పద్ధతికి అసలు మూలం అది.

ఇందులో వ్యాపారం ఉంది, కాదనను. కానీ వ్యాపారం ఒక్కటే అయితే అన్నయ్య పిచ్చిని నేను ఇంత ఓపిగ్గా రాసేదాన్ని కాదు. ఈ డబ్బాలు పెద్దవాళ్ళ కోసం, చరిత్ర తెలుసుకోవాలనుకునే వాళ్ళ కోసం చేసినవి. అందుకని పిల్లల క్యాసెట్లలో పెట్టడానికి జంకే వాటిని కూడా ఇందులో పెట్టగలిగారు.

ఉదాహరణకి 2004లో వచ్చిన డబ్బాలో రెండో ప్రపంచ యుద్ధ కాలం నాటి బొమ్మలున్నాయి. అప్పట్లో డిస్నీ స్టూడియో సైన్యం కోసం శిక్షణ చిత్రాలు తీసింది, పన్నులు కట్టమని ప్రచార చిత్రాలు తీసింది. డోనాల్డ్ బాతు ఒక పీడకలలో హిట్లర్ ఫ్యాక్టరీలో కూలీగా నలిగిపోయే చిత్రం ఒకటుంది. దానికి 1943లో ఆస్కార్ ఇచ్చారు. ఆస్కార్ వచ్చిన బొమ్మే అయినా స్వస్తిక గుర్తులూ, జపాన్ వాళ్ళని వెక్కిరించే బొమ్మలూ ఉన్నాయని దశాబ్దాల పాటు బయటికి తియ్యలేదు. 2004లో మాల్టిన్ ముందుమాటతో మొత్తంగా బయటికి వచ్చింది.

కొన్ని డబ్బాల్లో ఇలాంటివి విడిగా 'ఖజానా నుంచి' అనే విభాగంలో ఉంటాయి. వాటిల్లో నల్లవాళ్ళని, ఇతర జాతుల వాళ్ళని ఆ రోజుల్లో ఎంత హీనంగా గీశారో కనబడుతుంది. ముందు మాల్టిన్ వచ్చి, ఇది ఆనాటి తప్పు, తెలుసుకుని చూడండి అని చెబుతాడు. ఆ తర్వాతే బొమ్మ మొదలవుతుంది.

ఇదే చిక్కు టామ్ అండ్ జెర్రీకి వచ్చినప్పుడు ఇంకోలా జరిగింది. 2007లో వచ్చిన మూడో డీవీడీ సంపుటంలో అలాంటి రెండు పొట్టి చిత్రాల్ని అసలు చేర్చలేదు. సేకరించే వాళ్ళు గోల గోల చేశారు.

తల్లిగా నాకు ఏది నచ్చిందంటే, మొదటిదే. మన సామెతల్లోనే ఎన్ని కులాల్ని, ఎంతమంది ఆడవాళ్ళని కించపరిచేవి ఉన్నాయో బీయే తెలుగు చదివిన నాకు తెలుసు. వాటిని పుస్తకాల్లోంచి చింపేస్తే ఆ బుద్ధి మనకి ఎప్పుడూ లేదన్నట్టు అవుతుంది. పక్కన కూర్చుని, 'ఇది తప్పు నాన్నా, అప్పట్లో ఇలా అనేవారు' అని చెప్పే మనిషి ఒకరుంటే చాలు. అయితే ఆ మనిషి ఉండాలి. పిల్లాడి చేతిలో ఫోన్ పెట్టి వదిలేస్తే పీఠిక ఎవరు చెబుతారు?

ఇక మా డబ్బా మీద ఉన్న కుందేలు సంగతి. దాని పేరు ఆస్వాల్డ్. మిక్కీ కన్నా ముందు పుట్టింది. 1927లో వాల్ట్ డిస్నీ, అతని స్నేహితుడు అబ్ ఐవర్క్స్ కలిసి దాన్ని తయారుచేశారు. ఛార్లెస్ మింట్జ్ అనే మధ్యవర్తి ద్వారా యూనివర్సల్ కంపెనీకి ఆ బొమ్మలు వెళ్ళేవి. బాగా ఆడాయి. 1928 మొదట్లో ఇంకొంచెం డబ్బు అడుగుదామని డిస్నీ భార్యతో కలిసి న్యూయార్క్ వెళ్ళాడు. పెంచడం మాట అటుంచి, తగ్గించి ఇస్తానన్నాడు మింట్జ్. అప్పటికే డిస్నీ దగ్గర బొమ్మలు గీసే వాళ్ళలో చాలామందిని తనవైపు తిప్పేసుకున్నాడు. కుందేలు మీద హక్కు కూడా డిస్నీది కాదు, కాగితాల ప్రకారం యూనివర్సల్‌ది.

ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. వదలకుండా వెంట నిలిచింది ఐవర్క్స్. ఇద్దరూ కలిసి ఆ ఏడే ఒక ఎలుకని తయారుచేశారు. 1928 నవంబరు 18న ఆ ఎలుక శబ్దంతో సహా న్యూయార్క్‌లో తెరమీదికి వచ్చింది. ఆ తర్వాతి సంగతి లోకానికంతా తెలుసు.

కుందేలు మాత్రం పరాయి ఇంట్లోనే ఉండిపోయింది, దగ్గర దగ్గర 78 ఏళ్ళు. 2006 ఫిబ్రవరిలో డిస్నీ వాళ్ళు దాన్ని తిరిగి తెచ్చుకున్న తీరు వింటే నవ్వొస్తుంది. వాళ్ళ టీవీ ఛానల్లో ఆటల వ్యాఖ్యాత ఆల్ మైకేల్స్ ఎన్‌బీసీకి వెళ్ళాలనుకున్నాడు. ఎన్‌బీసీ, యూనివర్సల్ అప్పటికి ఒకే గూటివి. సరే, మనిషిని ఇస్తాం, మా కుందేలుని మాకిచ్చేయండి అన్నారు. ఇంకా కొన్ని ఇచ్చిపుచ్చుకోవడాలున్నా, మనిషికి కుందేలు మారకం జరిగిందనే అందరూ చెప్పుకున్నారు.

ఆ మరుసటి ఏడాది, 2007 డిసెంబరులో ఆస్వాల్డ్ డబ్బా వచ్చింది. డిస్నీ తీసినవి 26 అయితే అందులో ఉన్నవి 13. మిగతావి దాచి అమ్మారని కాదు, అసలు దొరకలేదు. ఆ కాలపు ఫిల్ము నైట్రేటుతో చేసింది, ఇట్టే అంటుకుంటుంది, లేకపోతే దానంతటదే పాడైపోతుంది. ఇది వాళ్ళ గొడవే అనుకోకండి. 2003 జనవరిలో పుణెలో అలాంటి ఫిల్ములున్న చోట మంటలు లేచి మన పాత సినిమాలు ఎన్నో బూడిదయ్యాయి. మన తొలి తెలుగు టాకీ, 1932 నాటి భక్త ప్రహ్లాద, చూద్దామంటే ఇవాళ ప్రింటు లేదు.

దొరకని కుందేళ్ళు తర్వాత ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఒకటి ఇంగ్లండులో, ఒకటి నార్వేలో. నాకు బాగా నచ్చింది జపాన్ సంగతి. ఒకాయన చిన్నతనంలో ఒసాకాలో 500 యెన్లు పెట్టి ఒక చిన్న ఫిల్ము చుట్ట కొనుక్కున్నాడు. దాని మీద వేరే పేరేదో రాసి ఉంది. 70 ఏళ్ళు అలాగే దాచుకున్నాడు. 2018లో తేలిందేమిటంటే అది తప్పిపోయిన ఆస్వాల్డ్ చిత్రాల్లో ఒకటి! అంత పెద్ద కంపెనీ దగ్గర లేనిది ఒక పిల్లాడి పెట్టెలో ఉంది.

ఈ సంగతి చదివినప్పుడు నాకు తెనాలి ట్రంకుపెట్టె గుర్తుకొచ్చింది. ఆ జపాన్ పిల్లాడి అమ్మ ఇల్లు మారేటప్పుడు ఏం చేసిందో గానీ, ఆ చుట్టని మాత్రం తూకానికి వెయ్యలేదు.

2008 వేసవిలో ఎవరో వస్తుంటే వాళ్ళ చేత అన్నయ్య ఆస్వాల్డ్ డబ్బా ఒకటి మా అబ్బాయికని పంపాడు. తనకొకటి, మేనల్లుడికొకటి కొన్నాడట. మేం ఎంతో ముచ్చటపడి డీవీడీ ప్లేయర్‌లో పెట్టాం. పని చెయ్యలేదు. డీవీడీలకి దేశాల వారీగా తాళాలుంటాయని మాకప్పుడు తెలీదు. అమెరికాలోవి 1వ ప్రాంతం, మనవి 5వ ప్రాంతం. అక్కడి డిస్కు ఇక్కడి ప్లేయర్‌లో ఆడదు. అన్నయ్యకీ తట్టలేదు. అంత ప్రేమగా పంపాడు, ఆడలేదని చెబితే నొచ్చుకుంటాడని నేను "బాగుంది అన్నయ్యా" అనేశాను.

డిస్కుల ప్లాస్టిక్ పెట్టె బీరువాలో పడింది. రేకు డబ్బా మాత్రం అమ్మ చూపులో పడింది. "ఇంత మంచి డబ్బా ఊరికే పడి ఉందేమే" అని తన బిళ్ళల అట్టలన్నీ అందులో సర్దుకుంది. అప్పటికే నాన్న పోయి, అమ్మ మా దగ్గరే ఉంటోంది. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి ఆ మూత టక్కుమనేది. అది వినబడకపోతే, "అమ్మా, బిళ్ళ వేసుకున్నావా?" అని కేకేసేదాన్ని.

2016లో మా అబ్బాయి బీరువాలో డిస్కులు చూసి, లాప్‌టాప్‌లో పెట్టి, ఏదో నొక్కి, "అమ్మా, ఇది ప్రాంతం మార్చమంటోంది. ఐదుసార్లే మార్చనిస్తుందట, మార్చనా?" అన్నాడు. మార్చమన్నాను. ఎనిమిదేళ్ళ తర్వాత మా ఇంట్లో కుందేలు కదిలింది.

అవి మాటలు రాని కాలం నాటివి. సంగీతం తర్వాత కలిపారు. మాటలు లేకపోవడం వల్లే, ఇంగ్లీషు ముక్క రాని మా అమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. 1927లో మొట్టమొదట విడుదలైన బొమ్మ అది. ఆస్వాల్డ్ ట్రామ్ బండి నడుపుతుంటాడు. పట్టాల మీద ఆవు అడ్డంగా నిలబడుతుంది, ఎంత అదిలించినా కదలదు. చివరికి బండి దాని పొట్ట కిందనుంచి దూరిపోతుంది. కొండ మీంచి బండి ఆగకుండా దొర్లుతుంటే, కుందేలు తన కాలు తనే ఊడదీసి అదృష్టం కోసం రుద్దుకుంటుంది. అమెరికాలో కుందేలు కాలు దగ్గరుంటే కలిసొస్తుందని నమ్మకం.

"వీడి దుంపతెగ! తన కాలు తనే రుద్దుకుంటాడేమిటే!" అని అమ్మ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. మళ్ళీ వెయ్యరా అంది మనవడితో. ఆ రాత్రి బిళ్ళ వేసుకుంటూ మూత మీద కుందేలుని చూసి, "ఓహో, నువ్వా!" అంది. అన్నాళ్ళూ దాన్ని ఏ పిల్లో అనుకుందట.

ఇదంతా అన్నయ్యకి ఎప్పుడూ చెప్పలేదు. చెబితే 2008లో ఆడిన అబద్ధం బయటపడుతుందని. మొన్న వంటింట్లో డబ్బా పట్టుకుని నిలబడ్డప్పుడు మొత్తం చెప్పేశాను. తాళం సంగతి, అబద్ధం సంగతి, అమ్మ నవ్విన సంగతి.

అన్నయ్య స్టూలు మీద కూర్చుని విన్నాడు. తర్వాత తన దగ్గరున్న వాటి గురించి చెప్పాడు. ముప్పైకి ముప్పైా ఉన్నాయట, నేలమాళిగలో అద్దాల బీరువాలో. 2008లో వచ్చిన డాక్టర్ సిన్ డబ్బాలు 39,500 మాత్రమే చేస్తే కొద్ది వారాల్లోనే అయిపోయాయట, తర్వాత రేట్లు ఎక్కడికో వెళ్ళాయట. తనది సీలు కూడా విప్పలేదు. విప్పితే విలువ పోతుంది. అందులో ఏముందో అతను ఇంతవరకూ చూడలేదు! వదిన, "ఇవి మన తర్వాత ఎవరికి?" అంటోందట. పిల్లలకి అక్కర్లేదు. వాళ్ళకి అన్నీ స్ట్రీమింగ్‌లోనే. ఆ డబ్బాల్లో ఉన్నవన్నీ అక్కడ లేవని చెప్పినా వినరట.

"అమ్మ చందమామలు అమ్మేసినప్పుడు నాకు చాలా బాధేసింది చిన్నీ. ఎప్పుడూ అనలేదు" అన్నాడు. ముప్పై ఏళ్ళు దాటాక, అమ్మ పోయిన ఏడాదికి, మొదటిసారి ఆ మాట అన్నాడు. నాకేం అనాలో తోచలేదు. అమ్మ తరఫున క్షమించమని అడిగే హక్కు నాకుందా అనిపించింది. కాఫీ కలిపి ఇచ్చాను.

వెళ్ళే రోజు సూట్‌కేసు సర్దుకుంటూ, "ఈ డబ్బా నాకిచ్చెయ్. నా దగ్గరున్న కొత్తది, గీత కూడా పడనిది, నీకు పంపిస్తాను" అన్నాడు.

"ఇవ్వను" అన్నాను. అంత ఠక్కున అంటానని నేనూ అనుకోలేదు. అతనికి నేనెప్పుడూ దేనికీ కాదనలేదు.

కాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు. తర్వాత మా అబ్బాయి బీరువాలోంచి డిస్కుల పెట్టె తెచ్చి, అందులో మడత పెట్టిన ధ్రువపత్రం తీసి మావయ్య చేతిలో పెట్టాడు. దాని వెనక పెన్సిలుతో అమ్మ చేతిరాత ఉంది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, భోజనమయ్యాక. ఎప్పుడు రాసుకుందో మాకెవరికీ తెలీదు.

అన్నయ్య దాన్ని పాస్‌పోర్టులో పెట్టుకుని వెళ్ళాడు. నిన్న ఫోన్ చేసి, డాక్టర్ సిన్ సీలు విప్పాననీ, వదినా తనూ కూర్చుని చూశామనీ చెప్పాడు. డబ్బా నా దగ్గరే, ఫ్రిజ్ మీదే ఉంది. ఈ మధ్య మా వారికి కూడా బీపీ అన్నారు. ఆయన అట్ట కూడా అందులోనే పెట్టాను.